ఎడమ చేతికి రోజూ పావుగంట



గత నెల పేరెంట్స్ మీటింగ్‌లో ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టాక కూడా ఒక అమ్మగారు కుర్చీలోంచి లేవలేదు. "ఇది ఇంగ్లీషు సంగతి కాదు మేడం, మిమ్మల్ని అడగొచ్చో లేదో" అంటూనే అడిగారు. ఆరో తరగతి చదివే వాళ్ళ బాబు పేచీ పెడితే సంక్రాంతికి గిటారు కొన్నారట. మొదటి వారం దాన్ని పక్కలోనే పెట్టుకుని పడుకున్నాడట. రెండో వారం వేళ్ళు నొప్పులన్నాడు. మూడో నెలకి గిటారు బీరువా పైకెక్కింది. "వాడికి ఆ టాలెంట్ లేదేమోనండి. ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నాం" అన్నారు.

ముందే చెప్పేస్తాను, నేను గిటారు టీచర్ని కాదు. ఈ బ్రాంచిలో ఇంగ్లీషు చెబుతాను. నాలుగేళ్ళుగా గిటారు నేర్చుకుంటున్నాను, ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. అప్పుడప్పుడు అసెంబ్లీలో ప్రార్థన పాటకి నేను వాయించడం పిల్లలు ఇంట్లో చెప్పి ఉంటారు, అందుకే ఆవిడ నన్ను అడిగారు. ఇచ్చేసే ముందు ఒక్కసారి గిటారుని స్కూలుకి పంపించమన్నాను. సోమవారం బాబు తెచ్చాడు. వాడి జామెట్రీ బాక్సులోని స్కేలే తీసుకుని, పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ ఎంత ఎత్తులో ఉందో కొలిచాను. దాదాపు అయిదు మిల్లీమీటర్లుంది. స్టీలు తీగలు. పెద్దవాళ్ళ సైజు గిటారు. నేను వేలు పెట్టి నొక్కితే నాకే మంటెత్తింది. పదకొండేళ్ళ పిల్లాడు రెండు వారాలు పట్టాడంటే వాడికి టాలెంట్ లేదని ఎలా అంటాం? మొండిగానే ప్రయత్నించాడు పాపం.

ఈ వ్యాసం ఆ బీరువా పైనున్న గిటారు కోసం రాస్తున్నాను. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో, కైకలూరు వైపు ఊళ్ళలో కూడా ఇప్పుడు చాలా ఇళ్ళలో గిటారు ఉంటోంది. పుట్టినరోజుకో, వేసవి సెలవులకో, చర్చిలో అన్నయ్యలు వాయిస్తుంటే చూసి ముచ్చటపడో కొంటున్నారు. చాలామంది పిల్లలు మానేసేది సంగీతం మీద ఇష్టం పోయి కాదు, ఎడమ చెయ్యి నొప్పెట్టి. ఆ నొప్పిలో సగానికి సగం మనం తప్పించగలిగిందే. అందుకు మీకు సంగీతం రావక్కర్లేదు.

ముందు వాయిద్యం సంగతి చూద్దాం. ఫ్రెట్లంటే గిటారు మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలు. వీణ వాళ్ళు వీటినే మెట్లంటారు. తలవైపు నుంచి లెక్కపెట్టుకుంటూ పన్నెండో మెట్టు దగ్గరకి రండి. మెట్టు పైభాగానికీ లావు తీగ అడుగుకీ మధ్య ఖాళీ స్టీలు తీగల గిటారుకి రెండున్నర మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటే హాయి. మూడు దాటితే చిన్న చేతికి కష్టం. నైలాన్ తీగల గిటారుకి ఇంకొంచెం ఎక్కువున్నా పర్వాలేదు, ఆ తీగలు మెత్తగా ఉంటాయి. ఎత్తు ఎక్కువుంటే గిటారు పారేయక్కర్లేదు. తెలిసిన షాపుకి తీసుకెళ్ళి "సెటప్ చెయ్యండి, తీగల ఎత్తు తగ్గించండి" అని అడగండి. బ్రిడ్జి మీదుండే చిన్న పట్టీని అడుగున అరగదీసి సరిచేస్తారు. పన్లో పనిగా తీగలు కూడా సన్నవి వేయించండి. స్టీలు తీగల ప్యాకెట్ మీద 10, 11, 12 అని అంకెలుంటాయి. అది అన్నిటికన్నా సన్న తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి 10 చాలు.

ఇక సైజు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకి హాఫ్ సైజు, పదకొండేళ్ళ దాకా త్రీ ఫోర్త్, ఆ పైన ఫుల్ సైజు అని ఒక కొండగుర్తు ఉంది. వయసు కన్నా చెయ్యి చూడటం మేలు. గిటారు ఒళ్ళో పెట్టుకుని ఎడమ చేత్తో మొదటి మెట్టు అందుకున్నప్పుడు మోచెయ్యి ఇంకా వంగే ఉండాలి. చెయ్యి పూర్తిగా చాచాల్సొస్తే అది వాళ్ళ సైజు కాదు. "రెండేళ్ళు పోతే సరిపోతుందిలే" అని యూనిఫాం కొన్నట్టు గిటారు కొనకండి. ఆ రెండేళ్ళు గడిచేలోపే మానేస్తారు.

చేతికి తగ్గట్టు వాయిద్యం ఉండాలంటే చిన్నతనంగా అనుకోకండి. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారిని చూడండి. ఆయన తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ వాయించేవారు. ఆరేళ్ళ వయసులో ఇంట్లో ఉన్న తండ్రిగారి మాండలిన్ పట్టుకున్నారు శ్రీనివాస్. అది గిటారు కన్నా బాగా పొట్టిది. మెట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి కాబట్టి చిన్న చేతికి అందుతుంది. మామూలు మాండలిన్‌కి నాలుగు జతలు, అంటే ఎనిమిది తీగలుంటాయి. కర్ణాటక సంగీతంలో గమకాలు పలికించడానికి ఆ జంట తీగలు అడ్డమొచ్చాయి. నాదం కూడా చప్పున ఆగిపోయేది. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జతలు తీసేసి, విడి తీగలు అయిదు పెట్టుకున్నారు. ఈ వాయిద్యం ఇలాగే ఉంటుంది, నువ్వే సర్దుకోవాలని ఆయన్ని ఎవరూ కట్టిపడెయ్యలేదు.

గురువుగారి కథ ఇంకా బాగుంటుంది. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని దాన్ని తీగ మీద పలికించేవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో శ్రీనివాస్ కచేరీ చేసేనాటికి ఆయన వయసు తొమ్మిదేళ్ళు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయారు. మన పిల్లలకి ఆయన పేరు తెలియకపోవచ్చు గానీ, ఆయన దగ్గర మాండలిన్ నేర్చుకున్న దేవిశ్రీ ప్రసాద్ పాటలు స్కూల్ బస్సులో రోజూ వింటూనే ఉంటారు. మీ పిల్లవాడు అంతటివాడు కావాలని నేనేమీ అనడం లేదు. వాయిద్యం రాని గురువు దగ్గర కూడా వాయిద్యం పట్టుబడింది కదా, "మాకు ఏమీ తెలియదు మేడం, ఇంట్లో ఎలా చూసుకుంటాం" అనే అమ్మానాన్నలకి ఈ సంగతి చెప్పాలనిపించింది. వినేవాళ్ళు, గమనించేవాళ్ళు ఇంట్లో ఒకరుంటే చాలు.

మరి ఏం గమనించాలి? ఎడమ చెయ్యి.

కుడిచేతి వాటం పిల్లలు గిటారు తీగల్ని మెట్ల మీద నొక్కేది ఎడమ చేత్తో. మన ఇళ్ళల్లో ఆ చేతికి మనం ఏనాడూ సరైన పని చెప్పం. అన్నం కుడిచేత్తో, రాత కుడిచేత్తో. ఎడమ చేత్తో డబ్బులిస్తే షాపతను కూడా మొహం అదోలా పెడతాడు. పదేళ్ళు ఖాళీగా కూర్చున్న చేతికి ఒక్కసారిగా నాలుగు వేళ్ళకీ నాలుగు పనులు చెబితే ఎలా చేస్తుంది? వాళ్ళు యూకేజీలో పెన్సిలు పట్టిన రోజులు గుర్తు తెచ్చుకోండి. పెన్సిలు విరిగిపోయేలా నొక్కేవాళ్ళు, వెనక పేజీలో కూడా అక్షరాల అచ్చు పడేది. ఇప్పుడు ఎడమ చెయ్యి యూకేజీలో ఉంది. ఎడమచేతి వాటం పిల్లల సంగతి అడిగారు కొందరు. వాళ్ళలో చాలామంది మామూలు గిటారే అందరిలాగా పట్టుకుని బాగానే నేర్చుకుంటారు. ఎటు పట్టుకుంటే వీలుగా ఉందో కొన్ని రోజులు వాళ్ళనే చూసుకోనివ్వండి, బలవంతం వద్దు.

ముందు కూర్చోవడం దగ్గర మొదలుపెట్టండి. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ వద్దు, గిటారుకీ మోచేతికీ రెంటికీ అడ్డొస్తుంది. స్టూలు మంచిది. మంచం మీద జారగిలబడి అసలే వద్దు. గిటారు తలభాగం కొంచెం పైకి ఉండాలి, నేలకి సమంగా వాలిపోకూడదు. అందుకోసం ఎడమ పాదం కింద పాత టెక్స్ట్ బుక్కుల కట్ట పెట్టుకుని గిటారుని ఎడమ తొడ మీద ఆనించుకునే పద్ధతి ఒకటి ఉంది. చిన్నపిల్లలకి అది బాగా పనికొస్తుంది.

తర్వాత బొటనవేలు. ఇదొక్కటి మీరు చూస్తే చాలు, సగం పని అయినట్టే. ఎడమ చేత్తో స్టీలు గ్లాసు పట్టుకోమనండి. బొటనవేలు ఒకవైపు, నాలుగు వేళ్ళు గుండ్రంగా వంగి రెండోవైపు, అరచేతికీ గ్లాసుకీ మధ్య ఖాళీ. గిటారు మెడని కూడా అలాగే పట్టుకోవాలి. బొటనవేలు మెడ వెనక మధ్యలో, సుమారుగా చూపుడువేలికీ మధ్యవేలికీ ఎదురుగా ఉండాలి. అది పైకి తొంగి చూస్తోందంటే అరచెయ్యి మెడకి అతుక్కుపోయిందన్నమాట. అప్పుడు వేళ్ళు వంగవు, పడుకుంటాయి. పడుకున్న వేలు పక్క తీగకి తగిలి దాని నోరు నొక్కేస్తుంది. బాగా వచ్చినవాళ్ళు కొన్నిసార్లు బొటనవేలు పైకి పెట్టి వాయించడం మీరు వీడియోల్లో చూసే ఉంటారు. వాళ్ళకి అవసరం తెలిసి పెడతారు. మొదటి ఏడాది పిల్లలకి ఆ అలవాటు వద్దు.

నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే. ఫోన్లో వీడియోలు చూసి తాడేపల్లిగూడెంలో మా ఇంటి డాబా మీద నేర్చుకోవడం మొదలుపెట్టాను. వేళ్ళు ఎక్కడ పడుతున్నాయో కనబడాలని గిటారుని ఒళ్ళో వెల్లకిలా వాల్చేదాన్ని. దాంతో మణికట్టు మెలి తిరిగేది. శబ్దం సరిగా రాకపోతే ఇంకా గట్టిగా నొక్కేదాన్ని. నెల తిరక్కుండా ఎడమ చేత్తో నోటు పుస్తకాల దొంతర ఎత్తుకుంటే బొటనవేలి మొదట్లో జివ్వుమని నొప్పి. డాక్టరు గారు ఆరు వారాలు గిటారు ముట్టుకోవద్దన్నారు. ఆ ఆరు వారాల తర్వాత మా వీధి చర్చిలో వాయించే అన్నయ్య ఒకాయన నన్ను రెండు నిమిషాలు చూసి, "అమ్మాయ్, గిటారు మెడ పిసుకుతున్నావేంటి? బొటనవేలు తీసేసి వాయించు చూద్దాం" అన్నారు. తీసేశాను. శబ్దం వచ్చింది! బొటనవేలితో నొక్కకుండా చేతి బరువుతోనే తీగ పలుకుతుందని అప్పటిదాకా నాకు తెలియదు. వారానికోసారి మీ పిల్లలతో కూడా ఈ పరీక్ష చేయించండి. రెండు మూడు సెకన్లే, ఆట లాగా.

వేలు ఎక్కడ పెట్టాలన్నది ఇంకో సంగతి. రెండు మెట్ల మధ్య ఖాళీలో ఎక్కడ పడితే అక్కడ కాదు. ఏ మెట్టు స్వరం కావాలో ఆ మెట్టుకి ఆనీ ఆననట్టు, తలవైపున పెట్టాలి. మెట్టుకి ఎంత దగ్గరగా ఉంటే అంత తక్కువ బలం సరిపోతుంది. ఎంత బలం కావాలో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. వేలు తీగ మీద ఊరికే ఆనించి మీటమనండి, టక్ మంటుంది. కొంచెం కొంచెం నొక్కుతూ మళ్ళీ మళ్ళీ మీటాలి. టక్ కాస్తా జుయ్ అవుతుంది, ఇంకాస్త నొక్కితే స్వరం స్వచ్ఛంగా పలుకుతుంది. అక్కడ ఆగిపోవాలి. ఆ పైన నొక్కే ప్రతి రవ్వా వృథా. నా దగ్గరకొచ్చిన బాబు ఈ పరీక్ష చేసుకుని, "మేడం, నేను డబుల్ నొక్కుతున్నా!" అని తనే కనిపెట్టాడు. ఇలా తనంతట తను కనిపెట్టిన మాట వాడు మర్చిపోడు.

వేలి కొనలతో నొక్కాలి కాబట్టి ఎడమ చేతి గోళ్ళు పూర్తిగా కత్తిరించి ఉండాలి. ప్రతి సోమవారం అసెంబ్లీలో మేం గోళ్ళు చూస్తాం కాబట్టి ఈ విషయంలో మీకు మా సాయం ఉన్నట్టే.

ఇప్పుడు అందరూ అడిగే నొప్పి. ఇందులో రెండు రకాలున్నాయి, ఆ తేడా మీకు తెలియాలి. వేలి కొనల చర్మం మంట పుట్టడం, తీగ గీత అచ్చు పడటం మామూలే. రోజూ కొద్దికొద్దిగా వాయిస్తే రెండు మూడు వారాల్లో చర్మం గట్టిపడుతుంది. కైకలూరు వైపు చేపల చెరువుల పని చేసే ఒక నాన్నగారికి ఇది చెప్పబోతే నా మాట పూర్తికానివ్వలేదు. అరచెయ్యి చాపి చూపించి, "వల తాడు లాగితే ఇంతే కదండీ మేడం గారూ. మొదట్లో బొబ్బలు, తర్వాత కాయలు. కాయ కాశాక ఇంక నొప్పెక్కడిది" అన్నారు. ఆ మాట నాకన్నా బాగా చెప్పారు. ఆయనే ఇంకో మాట కూడా అన్నారు, బొబ్బ మీద బొబ్బ తెచ్చుకునేలా మొదటిరోజే లాగకూడదని. గిటారుకీ అదే లెక్క. చర్మం పగిలితే ఒకటి రెండు రోజులు ఆపండి. స్నానం చేసి తడి చేతులతో వచ్చి వెంటనే వాయించనివ్వకండి, నానిన చర్మం త్వరగా చిట్లుతుంది.

రెండో రకం నొప్పి మణికట్టులో, బొటనవేలి మొదట్లో, ముంజేతిలో వస్తుంది. తిమ్మిరి, జివ్వుమని లాగడం కూడా దీని కిందకే వస్తాయి. ఇది కాయ కాసే నొప్పి కాదు. "ఓర్చుకో, అలవాటైపోతుంది" అని మీరు అనకూడని చోటు ఇదొక్కటే. వెంటనే ఆపించండి. కూర్చున్న తీరు, మణికట్టు వంపు, బొటనవేలు చూడండి. రెండు మూడు రోజుల విశ్రాంతి తర్వాత కూడా ఉంటే డాక్టరుకి చూపించండి. నేను చూపించుకోవడానికి మూడు వారాలు ఆలస్యం చేశాను కాబట్టే ఆరు వారాలు ఆపాల్సొచ్చింది.

ప్రాక్టీసు గురించి అడిగితే చాలామంది "ఆదివారం రెండు గంటలు కూర్చోబెడతాం మేడం" అంటారు. మిగతా రోజుల్లో స్టడీ అవర్లు, హోంవర్కు, ఎఫ్.ఎ. పరీక్షలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఆ పేపర్లు దిద్దేది నేనే కదా! అయినా చెబుతున్నాను, ఆదివారం రెండు గంటలు వద్దు. రోజూ పావుగంట చాలు. వారానికోసారి రెండు గంటలు నొక్కితే ఆరోజు వేళ్ళు పుండ్లు పడతాయి, ఆరు రోజుల్లో అంతా మర్చిపోతాయి, మళ్ళీ ఆదివారం మొదటికొస్తుంది. కాపీ రైటింగ్ రోజుకొక్క పేజీ రాయిస్తాం గానీ శనివారం ఏడు పేజీలు రాయించం కదా.

ఆ పావుగంట ఎలా గడపాలి? ముందు శృతి చూసుకోవాలి. ఫోన్లో ట్యూనర్ యాప్ ఉచితంగానే దొరుకుతుంది. తర్వాత రెండు మూడు నిమిషాలు, ఒకే తీగ మీద వరసగా నాలుగు మెట్లు, ఒక్కో మెట్టుకి ఒక్కో వేలు: చూపుడు, మధ్య, ఉంగరం, చిటికెన. ఒక వేలు పెట్టాక ముందు వేలిని పైకి ఎగరెయ్యకుండా తీగకి దగ్గర్లోనే ఉంచాలి. చిటికెనవేలు మొదట్లో ఏడిపిస్తుంది. చిన్న చేతికి నాలుగు మెట్లూ అందకపోతే, మెట్లు దగ్గరగా ఉండే అయిదో మెట్టు నుంచి మొదలుపెట్టనివ్వండి.

తర్వాత అయిదారు నిమిషాలు కార్డుల మార్పు. అంటే ఒకేసారి రెండు మూడు తీగలు నొక్కి పట్టే భంగిమ ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్ళడం. పిల్లలు ఇక్కడే చతికిలబడతారు. నాలుగు వేళ్ళూ గాల్లోకి లేపేసి ఒక్కొక్కటీ వెతుక్కుంటూ దింపుతారు, ఈలోగా పాట వెళ్ళిపోతుంది. ఏ వేలు కదపక్కర్లేదో ముందు చూసుకోమనండి. ఉదాహరణకి సి మేజర్ నుంచి ఏ మైనర్‌కి వెళ్ళేటప్పుడు చూపుడువేలు, మధ్యవేలు ఉన్నచోటే ఉంటాయి, ఉంగరపు వేలు ఒక్కటే మారుతుంది. ఈ మేజర్ నుంచి ఏ మైనర్‌కి వేళ్ళ ఆకారం మారనే మారదు, మూడు వేళ్ళూ కలిసి ఒక్కో తీగ కిందికి జరుగుతాయి. ఒక్క నిమిషం టైమర్ పెట్టి ఎన్నిసార్లు శుభ్రంగా మారారో లెక్కపెట్టి, డైరీ చివరి పేజీలో రాసుకోమనండి. మొదటిరోజు ఎనిమిది రావచ్చు. వారం తర్వాత పద్నాలుగు. ఆ అంకె పెరగడం పిల్లలకి మన మెచ్చుకోలు కన్నా ఎక్కువ ఉత్సాహమిస్తుంది. ఎఫ్ మేజర్ దగ్గర చూపుడువేలితో ఆరు తీగలూ ఒకేసారి అదమాలి, దాన్ని బార్ అంటారు. మొదటి ఆరు నెలలు దాని జోలికి పోకపోయినా ఏమీ మునిగిపోదు.

మిగిలిన సమయం ఇష్టమైన పాటకి వదిలెయ్యండి. అదెంత తప్పుల తడకగా ఉన్నా సరే.

వేగం గురించి మన సంగీతంలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి ఒకటి చెప్పాలి. 2022లో మన ఏలూరు జిల్లాలోకి వచ్చిన నూజివీడు మామిడికే కాదు, వీణలకీ పేరు. పనస చెక్కతో చేస్తారు, మైనంలో ఇరవై నాలుగు ఇత్తడి మెట్లు బిగిస్తారు. ఆ వీణ పట్టుకున్న ఏ పిల్లయినా మొదట నేర్చుకునేవి సరళీ వరసలు. వాటిని మూడు కాలాల్లో వాయిస్తారు. మొదటి కాలంలో నింపాదిగా, రెండో కాలంలో దానికి రెట్టింపు, మూడో కాలంలో నాలుగు రెట్లు. మొదటి కాలం తేటగా రాకుండా గురువుగారు రెండో కాలానికి వెళ్ళనివ్వరు. గిటారు పిల్లలు మాత్రం మొదటిరోజే సినిమా పాట వేగంలో మొదలుపెట్టి, తప్పుల్ని వేగంగా సాధన చేస్తుంటారు. తప్పు కూడా సాధన చేస్తే చక్కగా వచ్చేస్తుంది, అదీ చిక్కు.

సరళీ వరసల్ని గిటారు మీద కూడా వాయించొచ్చు. మీ ఇంట్లో అమ్మమ్మకో పిన్నికో కర్ణాటక సంగీతం వస్తే ఇది సరదాగా ఉంటుంది. ఒకే తీగ తీసుకోండి. వట్టి తీగ షడ్జమం అనుకుంటే మాయామాళవగౌళలో రిషభం ఒకటో మెట్టు, గాంధారం నాలుగు, మధ్యమం అయిదు, పంచమం ఏడు, దైవతం ఎనిమిది, నిషాదం పదకొండు, పై షడ్జమం పన్నెండు. అమ్మమ్మ పాడుతుంటే మనవరాలు మీటాలి, సుబ్బరాజు గారి దగ్గర శ్రీనివాస్ లాగా. ఎడమ చేతికి ఇందులో మంచి పాఠం ఉంది. మెట్లు ఎక్కుతున్నకొద్దీ వేళ్ళతోపాటు బొటనవేలు కూడా వెనకాల జరుగుతూ వెళ్ళాలి. అది మెడని గట్టిగా పట్టుకుని ఉంటే చెయ్యి కదలదు. దాంతో ఎవరూ చెప్పకుండానే పట్టు సడలుతుంది.

ఇంటికి సంబంధించి రెండు మూడు సంగతులు. గిటారుని బ్యాగులో పెట్టి జిప్పు వేసి బీరువా మీద పెడితే దాని పని అయిపోయినట్టే. దించడం, జిప్పు తియ్యడం, శృతి చేయడం, ఇంతలో అన్నానికి పిలుపు. హాల్లో గోడకి స్టాండు కొట్టించండి, లేదా ఒక మూల నిలబెట్టండి. కంటికి కనబడితే చెయ్యి దానంతట అదే వెళుతుంది. ఎండపడే కిటికీ పక్కన, ఎండలో ఆపిన కారులో మాత్రం వద్దు, జిగురు వదిలి బ్రిడ్జి లేచిపోతుంది. మన కొల్లేటి గాలిలో తేమ ఎక్కువ, చేతులకి చెమట కూడా ఎక్కువే. స్టీలు తీగలు తొందరగా తుప్పు పడతాయి. తుప్పు తీగ గరుకుగా ఉండి వేళ్ళని కోస్తుంది. వాయించాక పాత కాటన్ బనియన్ గుడ్డతో తీగల్ని పైనా కిందా తుడవమనండి, అరనిమిషం పని. నల్లబడ్డ తీగల్ని మొహమాటపడకుండా మార్చేయండి.

ఇంకొకటి, కొంచెం చనువుగా చెబుతున్నాను. చుట్టాలొచ్చినప్పుడు "ఏదీ, మామయ్యకి ఒక పాట వాయించు" అనకండి. నెలరోజుల పిల్లకి పాట రాదు. నాలుగు కార్డులు కూడా రావు. "ఇంతేనా, ఇంత డబ్బు పోసి కొంటే" అని మామయ్య నవ్వితే ఆ రాత్రే గిటారు బ్యాగులోకి వెళ్ళిపోతుంది. పాట అడిగే బదులు ఆ నిమిషం లెక్క అడగండి. "ఇవాళ ఎన్నొచ్చాయి?" అంటే చాలు.

ఆ బాబు గిటారు సంగతి మర్చిపోలేదు. తీగల ఎత్తు తగ్గించి, సన్న తీగలు వేయించారు. సైజు పెద్దదే గానీ, ఎడమ తొడ మీద పెట్టుకుంటే మొదటి మెట్టు అందుతోంది. ఇంకో ఏడాదికి వాడే దానికి సరిపోతాడు. నిన్న వాడి డైరీ చివరి పేజీ చూశాను. ఈ మేజర్ నుంచి ఏ మైనర్‌కి నిమిషానికి పంతొమ్మిది అని రాసుంది. పక్కనే ఇరవై ఒకటి అని రాసి కొట్టేసి ఉంది. అడిగితే, "అందులో రెండు సరిగా పలకలేదు మేడం" అన్నాడు.

మీ ఇంట్లో కూడా బీరువా మీద గిటారు ఉంటే, వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చేటప్పుడు తీసుకురండి. మీటింగ్ అయ్యాక ఓ గంట స్టాఫ్ రూంలోనే ఉంటాను. స్కేలు నా దగ్గరుంది.